పంతొమ్మిది మంది చాలు, ఇరవయ్యోవాడు వద్దు

ప్రపంచానికి సున్నా ఇచ్చింది మనమేనని తెగ చెప్పుకుంటాం కానీ, గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాళ్లని అడిగితే అంకెలన్నిటిలోకీ గొప్పది పంతొమ్మిది అంటారు. పంతొమ్మిది మంది పనివాళ్లున్నంతకాలం మీ షెడ్డుకి మీరే రాజు. ఇరవయ్యోవాడు గేటు దాటి వచ్చి, చొక్కా విప్పి మేకుకి తగిలించాడా, అయిపోయింది, ఆ నిమిషం నుంచి మీరు పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) చట్టం కిందికి వచ్చిన ఒక 'సంస్థ', నెలనెలా పనివాడి జీతంలోంచి కొంత, మీ జేబులోంచి కొంత వాడి వృద్ధాప్యానికి కట్టాల్సిందే. 1952 నాటి చట్టం అది. మొదట్లో యాభై మంది దాకా చూసీ చూడనట్టు ఉండేవారట, 1960లో ఆ యాభైని ఇరవైకి దించేశారు. దించిన పెద్దమనిషి ఎవరోగానీ గ్రిల్స్ వ్యాపారం చేసినవాడు మాత్రం కాదు.

మా షెడ్డులో పదకొండేళ్లుగా జనాభా నియంత్రణ చాలా పద్ధతిగా నడిచింది. పనిచేసేది ఇరవై ఏడు మంది. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఉండేది పంతొమ్మిది మంది. మిగతా ఎనిమిది మందిలో నలుగురు 'కాంట్రాక్టరు మనుషులు' (కాంట్రాక్టరు అంటే మా బావమరిది), ముగ్గురు 'పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు'. ఆ కుర్రాళ్లలో ఒకడికి కిందటి ఏడాది మనవడు పుట్టాడు. ఎనిమిదో మనిషి షెడ్డు ఊడ్చే పైడితల్లి, ఆవిడ లెక్కలోకి వస్తుందని నాకు తట్టనే లేదు. కాంట్రాక్టరు మనుషులూ లెక్కలోకి వస్తారని చట్టంలో ఉందట, కానీ చట్టంలో ఉన్నవన్నీ చదువుతూ కూర్చుంటే వెల్డింగ్ ఎవరు చేయిస్తారు?

అలాంటి నాకు 2023 ఎండాకాలంలో ఉన్నట్టుండి కార్మికుల వృద్ధాప్యం మీద విపరీతమైన బెంగ పట్టుకుంది. ఒక పెద్ద కంపెనీ కాంపౌండు గేట్లూ గ్రిల్సూ మనకే ఇస్తామంది, పీఎఫ్‌లో రిజిస్టరైన సంస్థకిచ్చే కోడ్ నెంబరు ఉంటేనే అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాపం మా వాళ్లు, యాభై ఎనిమిదేళ్లు వచ్చాక ఏం తింటారు?

పొద్దున్నే ఆడిటరు గారి దగ్గరికి పరిగెత్తాను. "రిజిస్ట్రేషన్‌కి ఫీజేం లేదండీ, అంతా ఆన్‌లైనే, ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవచ్చు" అన్నారు. ఆ 'ఇంట్లో కూర్చుని' అన్న మాట నన్ను పాడుచేసింది. మూడు వారాలు నిజంగానే ఇంట్లో కూర్చున్నాను.

"డీఎస్సీ ఉందా?" అని అడిగారాయన. "మా మరదలు 2018లో రాసిందండీ, మళ్లీ నోటిఫికేషన్ కోసం చూస్తోంది" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, టీచరు ఉద్యోగం సంగతి కాదు, డిజిటల్ సంతకం అని చెప్పారు. పెన్‌డ్రైవులా ఉంటుంది. చెప్పడమేకాక సొరుగు లాగి చూపించారు. ఆ సొరుగు మీరు చూడాలి. అలాంటివి నలభై యాభై ఉంటాయి, ఒక్కోదానికీ కాగితం ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేసి, దాని మీద పేరూ పాస్‌వర్డూ బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి. మన ఊళ్లో సగం మంది పారిశ్రామికవేత్తల సంతకాలు ఆ చెక్క సొరుగులో, జండూబామ్ సీసా పక్కన పడి ఉన్నాయి. మనిషి ఎక్కడున్నా సంతకం మాత్రం ఆడిటరు దగ్గర భద్రంగా ఉంటుంది. సైబర్ భద్రత అంటే ఏమిటో నాకు ఆరోజే బోధపడింది.

ఇక పోర్టల్. మీరేం వ్యాపారం చేస్తారో జాబితాలో ఎంచుకోవాలి. గేట్లూ గ్రిల్సూ అని ఎక్కడా లేదు. అసలు చట్టం వెనక తగిలించిన పరిశ్రమల జాబితాలో అగ్గిపెట్టెలున్నాయి, లక్క ఉంది, నీలిమందు కూడా ఉంది. తెల్లదొరలు పోయి ఇన్నేళ్లయినా నీలిమందు పండించేవాడు ఎవడైనా మిగిలి ఉంటే వాడి వృద్ధాప్యానికి ఢోకా లేదు. చివరికి నేను 'జనరల్ ఇంజినీరింగ్' కిందికి వస్తానని తేలింది. పదో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను ఇంజినీరింగ్‌లో చేర్చుకున్న మొదటి సంస్థ కేంద్ర ప్రభుత్వమే, ఆ కృతజ్ఞత నాకు ఎప్పటికీ ఉంటుంది.

పాన్ కార్డు, అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, క్యాన్సిల్ చేసిన చెక్కు, అన్నీ స్కాన్ చేసి ఎక్కించాను. సైజు ఎక్కువైందంది. తగ్గించాను. అక్షరాలు కనబడటం లేదంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక సన్నని దారి ఉంది, అది దొరికినవాళ్లకే మోక్షం. ఈలోగా 'సెషన్ ముగిసింది' అని వచ్చింది, మళ్లీ మొదటికి.

తర్వాత ఓటీపీ. నా ఆధార్‌కి ముడిపడిన నెంబరు పాతది, ఆ సిమ్ము ఆరేళ్ల కిందట మా బావమరిదికి ఇచ్చేశాను. వాడు అనకాపల్లిలో ఉంటాడు. ఫోన్ చేశాను.

"ఒరేయ్, మెసేజ్ వచ్చిందా?"

"వచ్చింది బావా."

"ఆ ఆరంకెలూ చెప్పు."

"చెప్పకూడదు బావా. ఎవరికీ చెప్పొద్దని అందులోనే రాసుంది."

"నాదేరా అది!"

"అందరూ అలాగే అంటారంట బావా, మొన్న టీవీలో చెప్పేడు."

పుట్టి బుద్ధెరిగాక మా బావమరిది పాటించిన ఏకైక నియమం అది. పది నిమిషాల గడువు దాటిపోయాక, నా గొంతు నాదేనని మా ఆవిడ పక్కనుంచి హామీ ఇచ్చాక, అప్పుడు చెప్పాడు.

ఇదంతా నా భాగం. అసలు పురాణం పనివాళ్ల పేర్లు ఎక్కించేటప్పుడు మొదలైంది. మా షెడ్డులో అప్పలరాజులు ముగ్గురు, అప్పారావులు ఇద్దరు, అప్పలనాయుడు ఒకడు, అంతా సింహాద్రప్పన్న దయ. మేం పొడుగు రాజు, గ్రైండింగ్ రాజు, పెద్ద రాజు అని పిలుచుకుంటాం, ఎన్నడూ ఒకడి జీతం ఇంకొకడికి పోలేదు. కంప్యూటర్‌కి మాత్రం ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి బ్యాంకులో వెనకుంటే వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. పైడితల్లి పేరు ఒకచోట పి వై తో, ఇంకోచోట పి ఏ ఐ తో మొదలైంది. టీ పక్కన హెచ్ ఉందా లేదా అన్న దగ్గర ఒక పూట గడిచింది. సంగతి చెబితే ఆవిడ చీపురు పక్కన పెట్టి, "అమ్మోరి పేరు తప్పంటదేటి బావూ మీ కంప్యూటరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. యజమానీ కార్మికుడూ కలిసి జాయింట్ డిక్లరేషన్ ఇస్తే సరిచేస్తారట. పదకొండేళ్లలో నేనూ మావాళ్లూ ఉమ్మడిగా ఒప్పుకున్న మొదటి సంగతి ఆవిడ పేరులోని అక్షరాలే.

పుట్టినరోజులు ఇంకో వింత. సగం షెడ్డు జనవరి 1న పుట్టింది. ఏడాది తప్ప ఇంకేమీ తెలియనివాళ్లందరినీ ఆధార్ ఆరోజే పుట్టించింది మరి. వేలిముద్ర పెట్టించుదామంటే గ్రైండింగ్ రాజు వేళ్లకి గీతలే లేవు, ఇరవై ఏళ్ల గ్రైండింగ్‌లో అరిగిపోయాయి. మిషను మీద మూడుసార్లు అద్ది, తలకి రాసుకుని నాలుగోసారి అద్ది, "పోనీ కాలి వేలు పెట్టమంటారా?" అని సీరియస్‌గానే అడిగాడు.

ఇంకో ముగ్గురికి ముందు పనిచేసిన చోట ఇచ్చిన యూఏఎన్‌లు, అంటే పనివాడి పీఎఫ్ నెంబర్లు, బయటపడ్డాయి. ఒకడికి మూడు. పన్నెండంకెల ఆ నెంబరు మనిషికి ఒక్కటే ఉండాలని, ఉద్యోగం మారినా అదే వెంట రావాలని ఉద్దేశం. దాన్ని ఢిల్లీలో ఆవిష్కరించింది 2014 అక్టోబరు 16న. నాకు బాగా గుర్తు, ఎందుకంటే 12న మాకు హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఇక్కడ కరెంటు లేక, నీళ్లు లేక, మా షెడ్డు రేకులు ఏ వీధిలో పడ్డాయో వెతుక్కుంటున్న వారంలోనే, కార్మికుడికి ఎక్కడికెళ్లినా పోని నెంబరు పుట్టింది. రేకులు ఇప్పటికీ దొరకలేదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా త్యాగం మీకు అర్థం కాదు. పదిహేను వేల జీతగాడికి వాడి నుంచి 12 శాతం, అంటే 1,800. నా నుంచి ఇంకో 1,800, అందులో 1,250 పెన్షన్ ఖాతాకి, 550 పీఎఫ్‌కి. బీమాకి 75, వాళ్ల నిర్వహణ ఖర్చులకి 75. మొత్తం నా జేబులోంచి 1,950, రోజుకి 65 రూపాయలు. ఈ శాతాలు లెక్కగట్టే బేసిక్ జీతం తగ్గించి మిగతాది సబ్బుల అలవెన్సు, చెప్పుల అలవెన్సు అని రాసుకుందామని చూశాను. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు కూడా లెక్కలోకే వస్తాయని 2019 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు తేల్చేసిందట. చెప్పులు వేసుకునే హక్కు కూడా లేకుండా పోయింది యజమానికి. పోనీ రేపు పదిమందే మిగిలితే వదిలేస్తారా అని అడిగాను. వదలరు. ఏట్లో కొట్టుకొచ్చిన కంబళి కథ గుర్తుందిగా, మనం వదిలినా అది మనల్ని వదలదు.

నెలనెలా పదిహేనో తారీఖులోగా ఎక్కించే ఫైలు సంగతి టూకీగా చెబుతాను. పేరుకీ అంకెకీ మధ్య కామా కాదు, గీత కాదు, హ్యాష్, టిల్డా, మళ్లీ హ్యాష్ ఉండాలి. టిల్డా అంటే కీబోర్డులో ఎడమవైపు మూల ఎవరూ ముట్టుకోని బటన్, దాని మీద మా కంప్యూటర్‌లో దుమ్ము పేరుకుపోయి ఉంది.

ఇన్ని చేశాక ఆడిటరు గారు చివరి ప్రశ్న అడిగారు. "ఇంతకీ మీకు ఇరవై మంది ఏ తేదీన అయ్యారు?" నేను గోడ వైపు చూశాను. గోడ మీద కనకమహాలక్ష్మి అమ్మవారి క్యాలెండరు ఉంది. అమ్మవారు నన్నే చూస్తోంది. "మొన్న ఒకటో తారీఖునండీ" అన్నాను. ఆయన రాసుకున్నారు, తల ఎత్తలేదు. ఇద్దరం కాసేపు ఫ్యాను చప్పుడు విన్నాం.

కోడ్ నెంబరు వచ్చింది. ఐదు అక్షరాలు, పది అంకెలు. ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, పసుపూ కుంకుమా పెట్టి షెడ్డులో మేకుకి వేలాడదీశాను. మైసూర్‌పాక్ తెప్పించాను. అందరినీ నిలబెట్టి, మీ భవిష్యత్తు కోసం నేను మూడు వారాలు ఎలా నిద్రాహారాలు మానుకున్నానో పావుగంట చెప్పాను. పెద్ద రాజు మైసూర్‌పాక్ ముక్క చేతిలోనే పట్టుకుని, తినకుండా అడిగాడు.

"బావూ, నేనొచ్చి పదకొండేళ్లయింది కదా. అప్పట్నుంచి డబ్బులు కూడా ఇందులో కనపడతాయా?"

నేను జేబులోంచి ఫోన్ తీశాను. స్క్రీన్‌ని రెండుసార్లు కిందికీ పైకీ తోసి, కనుబొమలు ముడేసి, చాలాసేపు చూశాను.

"సర్వర్ డౌన్ ఉంది రాజూ" అన్నాను, "సాయంత్రం చూద్దాం."