‘లేదు’ అంటే ఎంత లేదు?

తిండిలోనో తాగునీటిలోనో రేడియోధార్మికత ఉందేమోనని అనుమానం వస్తే, నాలుగు రోజులకు ఒక ప్రకటన వస్తుంది: ‘పరీక్షించాం, ఏమీ కనబడలేదు.’ అక్కడితో జనం నోరు మూసుకోవాలన్నట్టు ఉంటుంది ఆ ధోరణి. దేనికోసం వెతికారు, ఎంతసేపు వెతికారు, ఎంత తక్కువ ఉన్నా పట్టుకోగలరు? ఇవి చెప్పనిదే ఆ ప్రకటనకు విలువ లేదన్నది మా అభిప్రాయం.

పరీక్ష జరిగే తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. ఆకుకూరను సన్నగా తరిగి, అడుగున లోపలికి గుంట ఉన్న పాత్రలో గీత దాకా కూరతారు. ఆ గుంట డిటెక్టర్ మీద టోపీలా కూర్చుంటుంది. గది గోడల నుంచి, ఆకాశం నుంచి వచ్చే కిరణాలు లెక్కలో కలవకుండా చుట్టూ మందపాటి సీసం. మూత వేశాక ఇక ఎదురుచూడటమే. అణు ప్రమాదాల్లో వెలువడే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటే, తెర మీద దాని గామా కిరణాల శక్తి అయిన 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చిన్న మొన లేస్తుంది. అరగంటలో లేవని మొన పది గంటలు ఉంచితే లేవవచ్చు. సమయం నాలుగింతలు చేస్తే గుర్తింపు పరిమితి, అంటే యంత్రం పట్టుకోగల అతి తక్కువ మొత్తం, సుమారుగా సగానికి దిగుతుంది. కాబట్టి అదే కూరను తొందరలో చూసినవాడు ‘లేదు’ అంటాడు, ఓపిగ్గా చూసినవాడు ‘కాస్త ఉంది’ అంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు.

దేనికోసం వెతికారన్నది ఇంకా పెద్ద చిక్కు. స్ట్రాన్షియం-90 అనే మరో రేడియోధార్మిక పదార్థం గామా కిరణాలు వెదజల్లదు. ఈ యంత్రం పట్టేది ఆ కిరణాలనే, కాబట్టి దీని ముందు ఎంతసేపు పెట్టినా స్ట్రాన్షియం ఊసే తెలియదు. రసాయనికంగా విడదీసి కొలవాలి, దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నీళ్లలో కలిసిపోయే ట్రీషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌కు మరో పద్ధతి. సీజియం లేదని తేలినంత మాత్రాన అన్నీ లేవని ఎలా అంటారు?

గైగర్ కౌంటర్ అనే, చేత్తో పట్టుకుని రేడియోధార్మికత చూసే పరికరం కొని కూరగాయల బుట్ట మీద తిప్పేవారికీ ఒక మాట. జపాన్ 2012 ఏప్రిల్ నుంచి మామూలు తిండికి సీజియం పరిమితిని కిలోకు 100 బెకరెల్‌లుగా (సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్) పెట్టింది. అంత తక్కువను ఆ చిన్న పరికరం పట్టలేదు. పైగా పొటాషియం-40 అనే సహజ రేడియోధార్మిక పదార్థం దాదాపు ప్రతి తిండిలోనూ ఉంటుంది. మన ఒంట్లోనే సుమారు 4,000 బెకరెల్‌లు ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.

ఆలస్యం సంగతి వేరు. అణు ప్రమాదం తర్వాత పాలలోకి చేరే రేడియోధార్మిక అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. నెల తర్వాత తీరిగ్గా పరీక్షిస్తే దొరికేది పదోవంతు కూడా ఉండదు, పాలు తాగిన పిల్లలు మాత్రం ఈలోగా తాగేసే ఉంటారు. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత పిల్లల్లో పెరిగిన థైరాయిడ్ క్యాన్సర్లకు ముఖ్య కారణం అలాంటి పాలే. 1957లో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్ రియాక్టర్ తగలబడినప్పుడు చుట్టుపక్కల పాలను పారబోయించారు.

చెప్పే పద్ధతికి టోక్యో నీళ్లే మంచి ఉదాహరణ. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత 2011 మార్చి 22న అక్కడి ఒక శుద్ధి కేంద్రం నీటిలో లీటరుకు 210 బెకరెల్‌ల అయోడిన్ తేలింది. మర్నాడే అంకెతో సహా చెప్పారు. పసిపిల్లలకు పరిమితి 100 అనీ, వాళ్లకు ఆ నీళ్లు పట్టవద్దనీ చెప్పారు. జనం కంగారుపడ్డారు, దుకాణాల్లో సీసా నీళ్లు ఖాళీ అయ్యాయి, నిజమే. కానీ ఒకరోజు తర్వాత ‘79కి తగ్గింది’ అన్నప్పుడు పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఒక అంకె ఉంది. ముందురోజు ‘ఫర్వాలేదు’ అని సరిపెట్టి ఉంటే, ఆ రెండో మాటను ఎవరు నమ్మేవారు?

ప్రమాదం లేని రోజుల్లోనూ కొలిచి పెట్టుకోవాలి. గత శతాబ్దపు అణుబాంబు పరీక్షల సీజియం ఇంకా నేలల్లో ఉంది. పాత లెక్క లేకపోతే రేపు దొరికినది పాతదో కొత్తదో తేల్చడం కష్టం. ఇక రిపోర్టు సంగతి: ‘కనబడలేదు’ అన్న గడి పక్కన గుర్తింపు పరిమితి, కొలిచిన సమయం, వెతికిన పదార్థాల పేర్లు అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. ఆ గళ్లు ఖాళీగా వచ్చిన కాగితాన్ని సంతకం పెట్టకుండా వెనక్కి పంపే అధికారం, బాధ్యత రెండూ అధికారికి ఉండాలి.