రెండో బంతిలో నాయకత్వం

క్యాంపస్ సెలెక్షన్లకు వెళ్లే ప్రతి బృందమూ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు ఎప్పుడైనా నాయకత్వ బాధ్యత తీసుకున్నారా? ఒక సందర్భం చెప్పండి." సబబైన ప్రశ్నే. మనిషి నిన్న ఏం చేశాడో తెలిస్తే రేపు ఏం చేస్తాడో కొంతవరకు ఊహించవచ్చునన్నది ఆ ప్రశ్న వెనకున్న నమ్మకం. దానికి జవాబెలా చెప్పాలో అమీర్‌పేట కోచింగ్ కేంద్రాలు మొదలుకొని యూట్యూబ్ గురువుల దాకా అందరూ నేర్పుతారు. ముందు పరిస్థితి, ఆ తరువాత మీ మీద పడిన పని, మీరు తీసుకున్న చర్య, చివరికి ఫలితం అనే వరుసలో చెప్పాలట. దానికి స్టార్ పద్ధతి అని పేరు. అమెజాన్ సంస్థయితే 16 నాయకత్వ సూత్రాలు రాసి పెట్టుకుని, ఉద్యోగానికి వచ్చినవారిని వాటి మీదనే గుచ్చి గుచ్చి అడుగుతుంది.

చిక్కల్లా ఎక్కడంటే, మన పిల్లవాడికి ఇరవై ఒక్క ఏళ్లు నిండేసరికి నాయకత్వం వహించే అవకాశం ఎవరిచ్చారు? ఇంటర్మీడియట్ రెండేళ్లూ తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టల్లో గడిపినవాడికి, నీళ్లు తాగడానికి లేవాలన్నా వార్డెన్ అనుమతి కావలసి వచ్చేది. ఇంజినీరింగ్‌లో చేరాక జాతీయ సేవా పథకంలో పేరిచ్చి, రెండేళ్లలో 240 గంటలు మొక్కలు నాటి, ఊళ్లు ఊడ్చినవాడు కొంత నయమే. కానీ 1969లో మొదలైన ఆ పథకం వాడికి నేర్పిన నినాదం "నేను కాదు, నువ్వు". ఇంటర్వ్యూ కోచింగ్‌లో మాత్రం "మేము చేశాం అనకు, నేను చేశాను అను" అని తల మీద మొట్టి చెబుతారు. వాడు ఎవరి మాట వినాలి?

ఆ మధ్య గోదావరి జిల్లాల్లో ఒక ఇంజినీరింగ్ కళాశాలకు వెళ్లిన మా బృందంలో ముగ్గురం ఉన్నాం: హెచ్.ఆర్. మేడమ్, భీమవరం వైపు నుంచి వచ్చిన టెక్నికల్ మేనేజరు, నేను. ఉదయం నుంచి లోపలికి వచ్చిన ప్రతివాడూ తమ కళాశాలలో ఆ ఏడు జరిగిన టెక్నికల్ ఫెస్ట్‌కు తానే నాయకుణ్ణన్నాడు. నలభై మందిని నడిపించానని ఒకరు, యాభై మందిని నడిపించానని ఇంకొకరు చెప్పుకుంటూ పోగా, లెక్కల మనిషి అయిన మేడమ్ కాగితం మీద కూడిక వేసి చూస్తే నాయకుల కింద పనిచేసినవారి సంఖ్య కళాశాల మొత్తం విద్యార్థుల సంఖ్యను దాటిపోయింది. అంతమంది నడిపించిన ఆ ఉత్సవంలో కుర్చీలు మోసినవాడు మాత్రం మాకు ఒక్కడూ తగలలేదు.

భోజనాల వేళ దగ్గర పడుతుండగా చొక్కా ఇస్త్రీ నలిగిన కుర్రవాడొకడు వచ్చి కూర్చున్నాడు. మేడమ్ అదే ప్రశ్న అడిగారు. "మా అక్క పెళ్లిలో వడ్డన నేనే చూశాను మేడమ్" అన్నాడు. అంతవరకు కుర్చీలో జారగిలబడి ఉన్న మేనేజరుగారు నిటారుగా కూర్చున్నారు.

పరిస్థితి ఇది. మూడు వందల మందికని వండిస్తే నాలుగు వందల మంది వచ్చారు. మొదటి బంతిలో కూర్చోవలసిన మగపెళ్లివారు ఊరేగింపు బాజాల దగ్గర ఆలస్యమై రెండో బంతికి వచ్చారు. ఈలోగా మొదటి బంతిలో కూర్చున్న ఊరివారు పెరుగు గట్టిగా ఉందని మారు అడిగి మరీ వేయించుకున్నారు. రెండో బంతి సాంబారులోకి వచ్చిన సమయానికి వంట మేస్త్రి కుర్రవాడి చెవి దగ్గరకు వంగి, "బాబూ, పెరుగు ఇంకొక్క గిన్నెడే ఉంది" అన్నాడు.

"అప్పుడేం చేశారు?" అని మేడమ్ అడిగేలోపే, "నూరు మందికి ఎంత పెరుగు చెప్పారు?" అని మేనేజరుగారు అడిగారు. "పది లీటర్లు సార్." "చాలదు! ఎండాకాలం పెళ్లికి పదిహేనుకు తగ్గకూడదు" అని ఆయన తన పాఠం మొదలుపెట్టి, కందా బచ్చలి కూర వండించారా లేదా అన్న విచారణ కూడా పూర్తి చేశాక గానీ కుర్రవాణ్ణి ముందుకు సాగనివ్వలేదు.

కుర్రవాడు తీసుకున్న చర్య వినదగినదే. సాంబారు మీద అందరికీ ఒకసారి పులిహోర తిప్పించాడు. ఆ వెనక వేడి బూరెలు పంపించి, ఒక్కొక్క బూరెకు నడుమ వేలితో గుంట చేసి అందులో నెయ్యి పోయమని వడ్డించేవారికి చెప్పాడు. నేతి బూరె నోట్లో ఉన్న మనిషి కనీసం ఐదు నిమిషాలపాటు ఇంకేమీ అడగడని వాడి అంచనా. ఆ వ్యవధిలో బాబాయి కొడుకును మోటారు సైకిలు మీద పాలకేంద్రానికి తోలి రెండు క్యాన్ల పెరుగు తెప్పించాడు.

"బృందంలో ఎవరితోనైనా విభేదం వచ్చిందా?" అన్నది మేడమ్ గారి కాగితంలో తరువాతి ప్రశ్న. "మా మేనత్తతో వచ్చింది మేడమ్. ఉన్న గిన్నెడు పెరుగూ ఆడవాళ్ల బంతికి దాచాలని ఆవిడ సామాన్ల గదికి తాళం వేసి చెవి కొంగున ముడివేసుకుంది." "ఎలా పరిష్కరించారు?" "అత్తా, మగపెళ్లివారి వరుసకు నీ చేత్తోనే వడ్డించు, నీకు తెలిసినంత మర్యాద మాకెక్కడ తెలుసు అన్నాను. తాళం తనే తీసింది." మేడమ్ ఆ గడిలో పూర్తి మార్కులు వేశారు. నాలుగు లక్షల ప్యాకేజీకి ఇంతకు మించిన నాయకత్వం దొరకదని నాకూ అనిపించింది.

ఫలితం మాత్రం మిశ్రమం. పెరుగు అందరికీ అందినా, అది ఇంకా సరిగా తోడుకోలేదంటూ పెళ్లికొడుకు పెదనాన్నగారు విస్తరి ముందు నుంచి లేచిపోయారట. "మళ్లీ అలాంటి సందర్భం వస్తే ఏం మారుస్తారు?" అని అడిగితే, "ఆయన్ను మొదటి బంతిలోనే కూర్చోబెడతాను" అన్నాడు.

పావుగంటలో ముగియవలసిన ఇంటర్వ్యూ ముప్పావు గంట సాగింది. మేము మెస్సులో పప్పన్నం తిని తిరిగి వచ్చేసరికి వార్త వరండా అంతా పాకింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడగడం న్యాయమైన పద్ధతే, ఎవరు మెరుగో పోల్చి చూడడానికి అదే వీలు కూడా. కానీ ఆ న్యాయం మొదటి అభ్యర్థి బయటికి వెళ్లి వాట్సాప్ తెరిచేదాకానే నిలుస్తుంది.

మధ్యాహ్నం నుంచి టెక్నికల్ ఫెస్ట్ ఊసెత్తినవాడు లేడు. వచ్చిన ప్రతివాడికీ ఒక అక్క ఉంది, ఆమెకు ఈ వేసవిలోనే పెళ్లయింది, ఆ పెళ్లిలో రెండో బంతిలోనే పెరుగు తక్కువయింది. బయోడేటాలో ఒక్కడే సంతానమని రాసుకున్న అబ్బాయి కూడా అక్క పెళ్లే చెప్పబోయి, మేడమ్ కాగితం వైపు చూడడం గమనించి, దానిని పెదనాన్నగారి అమ్మాయి పెళ్లిగా సర్దుకున్నాడు. మరొకడు బూరెలకు బదులు పూతరేకుల్లో నెయ్యి పోయించానన్నాడు. పూతరేకులో నెయ్యి ముందే ఉంటుంది గదా అని మేనేజరుగారు మండిపడి వాణ్ణి అక్కడికక్కడే తప్పించారు. సాఫ్ట్‌వేర్ ప్రశ్నల్లో ఇంతకన్నా పెద్ద తప్పులు చేసినవారిని ఆయన చిరునవ్వుతో క్షమించడం నేను చూశాను.

సాయంత్రం చివరగా వచ్చిన అమ్మాయికి కోడింగ్ పరీక్షలో మంచి మార్కులున్నాయి. మేడమ్ నీరసంగా, "మీకూ అక్క పెళ్లేనా?" అన్నారు.

"నాకు అక్కాచెల్లెళ్లు లేరు మేడమ్. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు పెరుగు పోసేది మా నాన్నగారి పాలకేంద్రమే. కళాశాలకు వచ్చే ముందు లెక్కలు నేనే రాస్తాను. ఈ వేసవిలో ఒక్క పెళ్లిలో తప్ప ఎక్కడా పెరుగు తక్కువ కాలేదు."

"ఆ ఒక్కటీ ఎవరిది?" అన్నారు మేనేజరుగారు ముందుకు వంగి.

"మధ్యాహ్నానికి ముందు వచ్చి వెళ్లాడే, ఆ అబ్బాయి వాళ్లదే సార్. ఆ రాత్రి కేంద్రం మూసేశాక, మిగిలిన పనివాళ్లను లేపి, మర్నాటికని తోడుపెట్టిన పెరుగే రెండు క్యాన్లలో పోయించి బండికి కట్టించాను. తోడుకోలేదని ముందే చెప్పాను కూడా."

మేడమ్ చకచకా రాసుకుని, ఆఖరి గడి దగ్గర కలం ఆపి, "మరి ఫలితం?" అని అడిగారు.

"డబ్బులు ఇంకా రాలేదు మేడమ్" అంది ఆ అమ్మాయి. "క్యాన్లు కూడా తిరిగి ఇవ్వలేదు."