డీబీఎస్ ఫెయిలైందనే ముందు ప్రోగ్రామింగ్ సంగతి అడగండి

“మెదడులో వైర్లు పెట్టించాం, అయినా లాభం లేదు, ఆపరేషన్ ఫెయిలైంది” అని డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, మెదడు లోతుల్లోకి సన్నని వైర్లు దించి కరెంటు ఇచ్చే చికిత్స) గురించి చాలామంది తేల్చేస్తారు. ఆగండి. ప్రోగ్రామింగ్, అంటే ఆ కరెంటు ఎక్కడ, ఎంత ఇవ్వాలో సెట్ చేయడం, ఎవరు చేశారు, ఎంతసేపు కూర్చుని చేశారు? ముందు అది అడగండి.

పార్కిన్సన్స్‌కి ఎక్కువగా ఎంచుకునే మెదడు భాగం, సబ్‌థాలమిక్ న్యూక్లియస్, చిక్కుడు గింజకన్నా చిన్నది. అందులోకి దించే లీడ్ (వైరు) మందం సుమారు 1.27 మి.మీ. పాత రకం లీడ్ చివర కరెంటు బయటికొచ్చే నాలుగు కాంటాక్టులుంటాయి, ఒక్కోటి 1.5 మి.మీ. పొడవు. ఏ కాంటాక్టు బాగా పనిచేస్తుందో స్కాన్ చూసి అంచనా వేయొచ్చు గానీ, పేషెంటుని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తేనే తేలుతుంది.

లీడ్ దిగిన చోట వాపు వల్ల కొన్నాళ్లు కరెంటు లేకుండానే వణుకు తగ్గుతుంది. అది చూసి సెట్టింగులు ఖాయం చేస్తే, వాపు తీశాక మళ్లీ మొదటికొస్తుంది. అందుకే చాలాచోట్ల 2 నుంచి 4 వారాలు ఆగి ప్రోగ్రామింగ్ మొదలుపెడతారు. ఆ రోజు పేషెంటు ముందు రాత్రి నుంచే మందులు ఆపి రావాలి, లేకపోతే మార్పు మందు వల్లో కరెంటు వల్లో తెలియదు.

ఫ్రీక్వెన్సీ 130 హెర్ట్జ్, పల్స్ వెడల్పు 60 మైక్రోసెకన్ల దగ్గర ఉంచి, ఒక్కో కాంటాక్టుకీ కరెంటు 0.5 మిల్లీఆంపియర్ల చొప్పున పెంచుతూ పోవాలి. ఆ పెంచుతున్నంతసేపూ డాక్టరు రెండో చేత్తో పేషెంటు మణికట్టు తిప్పుతూనే ఉండాలి. పళ్లచక్రంలా పట్టిపట్టి తిరుగుతున్న మణికట్టు, సరైన కాంటాక్టు తగిలితే సెకన్లలో వదులవుతుంది. ఆ అంకె రాసుకోవాలి. ఇంకా పెంచాలి. మూతి పక్కకి లాగినా, మాట ముద్దగా వచ్చినా కరెంటు పక్కనున్న ఇంటర్నల్ క్యాప్సూల్ అనే, కండరాలకి ఆదేశాలు మోసే నరాల కట్టలోకి పాకినట్టే. తిమ్మిరి కాసేపట్లో పోతే పర్లేదు, నిలిచిపోతే హద్దు దాటినట్టు. ఈ రెండో అంకె కూడా రాయాలి. రెండింటి మధ్య ఎడం ఎక్కువున్న కాంటాక్టే మనకు కావాల్సింది.

రెండు పక్కలా ఇలా చూడాలంటే గంటలు పడుతుంది. పుర్రెకి రంధ్రాలు వేయించుకుని వచ్చిన మనిషికి పావుగంటలో ఏదో ఒక కాంటాక్టు ఆన్ చేసి పంపేయడం అన్యాయం. డిస్టోనియాకైతే (కండరాలు వాటంతటవే మెలితిరిగే జబ్బు) ఇంకా ఓపిక కావాలి, ఫలితం పూర్తిగా కనిపించడానికి నెలలు పట్టొచ్చు.

అన్నీ ప్రోగ్రామింగ్‌తో తీరవు, నిజమే. వణుకు మినహా, లెవోడోపా అనే పార్కిన్సన్స్ మందుకి లొంగని లక్షణం సాధారణంగా డీబీఎస్‌కీ లొంగదు. తూలి పడిపోవడం, మాట స్పష్టత, మతిమరుపు ఆ కోవలోవే. ఆ మాట ఇంట్లోవాళ్లకి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి.

వెళ్లిన ప్రతిసారీ సెట్టింగుల కాగితం అడిగి తీసుకోండి: కాంటాక్టు నంబరు, కరెంటు, పల్స్ వెడల్పు, ఫ్రీక్వెన్సీ, ఇంపెడెన్స్ (కరెంటు దారిలో ఉండే అడ్డు), బ్యాటరీ. బాగున్న మనిషి ఉన్నట్టుండి బిగుసుకుపోతే పరికరం ఆగిపోయిందేమో వెంటనే చూడాలి. ఇంపెడెన్స్ ఒక్కసారిగా చాలా పెరిగితే వైరు తెగిందని అనుమానించాలి. బ్యాటరీ అయిపోయి మింగడం కూడా కష్టమైతే ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అప్పుడు మాత్రల డోసు పెంచినా చాలకపోవచ్చు.