కింద తిరుపతికి పలకలు కావాలి

రైలు దిగిన యాత్రికుడు స్టేషన్ బయటికొచ్చి మొదట అడిగేది ‘కొండకు బస్సెక్కడ?’ అనే. ఎదురుగా గోవిందరాజస్వామి పుష్కరిణి. ఆ పక్కనే ఏడంతస్తుల రాజగోపురం, దాదాపు 50 మీటర్ల ఎత్తు. ఫోన్లో ఒక ఫొటో తీసుకుని బస్సెక్కేస్తాడు. అతన్నేమీ అనలేం. వీధి పొడవునా లాడ్జీల బోర్డులు, ఫ్లెక్సీల మధ్య ఊరి చరిత్ర చెప్పే అక్షరం ముక్క కంటికి ఆనితేగా! అందుకే కొండ కింది ఈ ఊళ్లో ఎక్కడికక్కడ చరిత్ర చెప్పే పలకలు పెట్టాలంటున్నాను.

1944 ఏప్రిల్ 10న ఘాట్ రోడ్డు తెరిచేదాకా కొండకు కాలినడక, లేదంటే డోలీ. 1891లో మీటరు గేజి రైలొచ్చినా కొండెక్కే తీరు మారలేదు. దిగినవాళ్లు కిందనే బస చేసి, వండుకు తిని, తెల్లవారుజామున అలిపిరి దారి పట్టేవారు. సత్రాలు, పూటకూళ్ల ఇళ్లు, బజారు వీధులు ఆ రాత్రి బసతో బతికినవే. 1886లోనే ఇది మున్సిపాలిటీ కావడంలో వింతేమీ లేదు. బస్సులొచ్చాక ఆ బస అవసరం తగ్గింది. దాంతోపాటే ఊరిని చూసే తీరికా పోయింది.

చూడదలిస్తే ఉన్నది తక్కువా? రాజగోపురం కింద నుంచి నడిచేటప్పుడు రెండు పక్కల గోడలు చూడండి. రామాయణ ఘట్టాలతో పాటు ఒక రాజు, ముగ్గురు రాణులు నిలబడి ఉంటారు. గోపురం కట్టించిన మట్లి అనంతరాజు ఆయనే, 17వ శతాబ్దపు సిద్ధవటం ప్రభువు. లోపల శయనించిన స్వామి తలకింద కుంచం. తమ్ముడు వేంకటేశ్వరుడి పెళ్లి అప్పు కుబేరుడికి కొలిచి కొలిచి అలసిపోయి, కొలిచిన కుంచాన్నే తలగడ చేసుకున్నాడని జనం చెప్పుకుంటారు. వడ్డీ లెక్కలు తెలిసిన ఊరు కదా, కథ కూడా అలాగే పుట్టింది.

కథకూ శాసనానికీ తేడా చెప్పడమే పలక చేయాల్సిన పని. రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన ఏడాది 1130 అంటుంది సంప్రదాయం. కోదండరామాలయాన్ని జాంబవంతుడికి ముడిపెడుతుంది స్థలపురాణం. శాసనమేమో 1480లో నరసింహ మొదలియారు కట్టించాడంటుంది. రెండూ రాయాలి, దేని పక్కన దాని ఆధారం పెట్టాలి. తిరుమల, తిరుపతి ఆలయాల్లో దొరికిన వెయ్యికి పైగా శాసనాల్లో అత్యధికం తమిళంలోనివే. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. పలక మీద తెలుగుతో పాటు తమిళం కూడా ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. హథీరాంజీ మఠం సంగతీ అంతే. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణను ఆ మఠాధిపతులైన మహంతులకు అప్పగించింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా, తొంభై ఏళ్లు, వారిదే పెత్తనం. ఆ రెండు తేదీలు చాలు, మఠం ముందు మనిషి ఆగి చూస్తాడు.

పలకలు పెట్టేలోపు ఉన్నవాటిని పాడుచేయకపోవడం ముఖ్యం. శాసనాలు ఎక్కువగా ఆలయ అధిష్ఠానం మీద, అంటే గోడల కింది రాతి పీఠంలో నేలకు జానెడు, మూరెడు ఎత్తులోని వరసల మీద ఉంటాయి. పాత రోడ్డు చెక్కకుండా దాని మీదే కొత్త సిమెంటు పోస్తే వీధి ఏటికేడు లేస్తుంది, అధిష్ఠానం దిగిపోతుంది. వాననీరు లోపలికి మళ్లుతుంది, అడుగు వరస అక్షరాలు నేలలో కలుస్తాయి. శుభ్రం చేస్తున్నామంటూ ఇసుకను యంత్రంతో కొడితే రాయి పైపొర పోయి లోతు తక్కువ అక్షరాలు చెరిగిపోతాయి. రాతి మీద పూసింది సున్నమైతే తడిపి, ఓపికగా తీయొచ్చు. ఎనామిల్ రంగు పూస్తే తేమ బయటికి పోయే దారి ఉండదు. పాత గోడకు ఇనుప మేకు దిగ్గొట్టి బోర్డు తగిలించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాతిని చీలుస్తుంది.

కాబట్టి పలక గోడకు కాదు, విడిగా నేలలో నిలవాలి. ఫ్లెక్సీ ఒక్క ఎండాకాలం ఆగదు, స్టీలు పలకను రాత్రికి రాత్రే ఎవరో విప్పుకుపోతారు. నల్లరాయి మీద చెక్కిన అక్షరమే మేలు: అంగుళం ఎత్తు, ఎనిమిది వరసలకు మించకుండా. ఆవిష్కర్తల పేర్లకు వెనక వైపు చాలు.

వీధుల పేర్లకూ ఇదే పద్ధతి. బండ్ల వీధి, చిన్నబజారు, నాలుగుకాళ్ల మండపం, కృష్ణాపురం ఠాణా... ఆటోవాళ్లకు ఈ పేర్లు చాలు. పేరెందుకొచ్చిందో చెప్పగల పెద్దలు ఉండగానే వాళ్ల మాట రాసిపెట్టుకోవాలి. గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు తిరిగే వీధులకూ ఒక పలక దక్కాలి.

తిరుమలలో 15వ శతాబ్దపు వేయికాళ్ల మండపాన్ని 2003లో తీసేశారు. కింద తిరుపతిలో ఉన్నవాటికి ఆ గతి పట్టకుండా ముందు కొలతలు, ఫొటోలతో ఒక జాబితా తయారుకావాలి. నగరపాలక సంస్థ, దేవస్థానం, పురావస్తు శాఖ ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే అది ఒక వేసవి పని. మొదటి పలక రాజగోపురం ముందు పాతండి. చెప్పుల స్టాండుకు, పూలంగడికి అడ్డురాకుండా మాత్రం చూడండి. అడ్డొస్తే వారంలో దాని మీద టవలు ఆరేస్తారు.