ప్రతి మాటా ముఖ్యమైనదే కాబట్టి

గట్టిగా చెప్పాలి, తొందరగా చెప్పాలి, చెప్పడానికి మాత్రం పెద్దగా ఏమీ లేదు. లావుగా, వాలుగా ఉండే బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ అనే ఇంగ్లిష్ ఫాంటు ఉన్నది ఇలాంటి ఘడియల కోసమే. మామూలు సెరిఫ్ అక్షరానికి కొసల్లో సన్నని ముక్కులుంటాయి. దీనికి ఇంచుమించు నిలువు గీతంత మందాన దిమ్మెలుంటాయి. ఆ దిమ్మెలతోనే ముందుకు వాలి పరుగెత్తాలి. పందెగాడికి ఇనుప బూట్లు తొడిగినట్టన్నమాట.

ఇంత శక్తిని పూర్వం బొత్తిగా వృథా చేశారు. 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ (అచ్చక్షరాలు పోతపోసే కార్ఖానా) నుంచి రాబర్ట్ బెస్లీ తెచ్చిన క్లారెండన్ ఈ వంశపు పెద్దల్లో ఒకటి. అదింకా నిటారుగానే నిలబడేది. మామూలు అక్షరాల వరసలో ఒక్క మాట, నిఘంటువులో అయితే అర్థం చెప్పాల్సిన పదం మాత్రమే, మందంగా కనబడటానికి దాన్ని వాడారు. ఒక్క మాటకి! ఎంత పిసినారితనం! అదృష్టవశాత్తు ఆ డిజైనుకు చట్టరక్షణ మూడేళ్ళే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలు యథేచ్ఛగా నకళ్ళు తీశాయి.

మీరు ఆ తప్పు చేయకండి. 9 పాయింట్ల సైజులో పేరా మొత్తం దీంతోనే నింపండి. అచ్చు వేస్తే 'e', 'a' అక్షరాల కడుపులు సిరాతో పూడిపోతాయి. అక్షరాల మధ్య ఎడం కాస్త తగ్గించారంటే ఆర్ దిమ్మె వెళ్ళి ఎన్ దిమ్మెకు తగులుతుంది, రెండూ కలిసి ఎమ్ అవుతాయి. 'మోడర్న్' (modern) కాస్తా 'మోడెమ్' (modem) అయి కూర్చుంటుంది. శీర్షిక, ఉపశీర్షిక, బొమ్మ కింది వాక్యం, ఫుట్‌నోటు అన్నీ ఇందులోనే ఉంటే పాఠకుడికి ఏది ముందు చదవాలన్న బాధ తప్పుతుంది. ఏదీ చదవడు.

దీన్ని కొనడం కూడా అనవసరమని చాలామంది నమ్మకం. ఫాంటు కుటుంబంలో రెగ్యులర్ అనే మామూలు రూపం ఒక్కటే ఉన్నా, బోల్డ్, ఇటాలిక్‌ల కోసం బి, ఐ బొత్తాలు నొక్కితే చాలు. సాఫ్ట్‌వేర్ అంచుల చుట్టూ గీత పెంచి లావు చేస్తుంది, ఆపైన అక్షరాన్ని పక్కకి తోసేస్తుంది. ఇలా తోసినప్పుడు 'O' గుండ్రం కుడి పైమూల, ఎడమ కిందిమూల ఉబ్బుతుంది. తక్కిన రెండు మూలలు పలచబడతాయి. అసలు డిజైనర్ సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీలు వాల్చి, ఆ వంపులన్నిటినీ చేత్తో సరిదిద్దుతాడు, దిమ్మెల పొడవు తగ్గిస్తాడు. పనిలేని మనిషి!

మీ దగ్గరున్నది నిజమైనదో కాదో తేల్చుకోవాలంటే ఫాంట్ ఫోల్డర్ తెరిచి బోల్డ్ ఇటాలిక్‌కు విడిగా ఫైలు ఉందేమో చూడండి. వెబ్ పేజీ రూపురేఖలు నిర్ణయించే CSS కోడ్‌లో 'font-synthesis: none' అని రాస్తే దొంగ వాలు వెంటనే నిటారవుతుంది. కాబట్టి పొరపాటున కూడా రాయకండి.

ఇటాలిక్ సంప్రదాయమే లేని తెలుగుకూ ఆ రెండు బొత్తాలు పనిచేస్తాయి. తలకట్టు పక్క అక్షరాన్ని పొడుస్తుంది, వత్తు జారి వేరే అక్షరం కిందికి చేరుతుంది, చుట్లన్నీ మూసుకుపోతాయి. ఆ పాపం ఫాంటుకు అంటగట్టకండి. అది రెగ్యులర్‌లోనే ఆగిపోయింది; అక్కడినుంచి వాల్చిందీ, బలిపించిందీ మీ వేలే.