పాలు పడుతున్నాయా అని అడిగారు, తిన్నావా అని అడగలేదు

మా బాబు పుట్టి నాలుగేళ్లయింది. ఆ మొదటి నలభై రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది వాడి మొహం కాదు, ఆకలి. నవ్వుకోండి, పర్లేదు.

సిజేరియన్ అయ్యి పుట్టింటికి వచ్చిన రోజే పథ్యం మొదలు. పప్పు తింటే పిల్లాడికి వాతం, పెరుగు తింటే జలుబు, మంచినీళ్లు ఎక్కువ తాగితే నాకు పొట్ట. ఇక మిగిలింది వెల్లుల్లి కారం, నెయ్యి, బీరకాయ. వెల్లుల్లి కారం మీద నాకేం కోపం లేదు, ఇప్పటికీ వేడన్నంలో అదే కావాలి. కానీ పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలు రోజూ దాదాపు 600 కేలరీలు అదనంగా తినాలని మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థే చెబుతోంది కదా, అదనం సంగతి దేవుడెరుగు, మామూలుగా తినేదాంట్లోనే కోత పెట్టారు. రాత్రి రెండింటికి వాడికి పాలిచ్చాక కడుపు కాలిపోయేది. పిల్లిలా వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో మిగిలిన దోసకాయ పప్పు నిలబడే తినేసి, పొద్దున వాడు గుక్కపట్టి ఏడిస్తే ఆ పప్పు వల్లేనేమో అని నేనూ ఏడ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి.

నేను ఏడుస్తుంటే దిష్టి తీశారు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నా హిమోగ్లోబిన్ 8.6 అని, అంటే రక్తం తక్కువని కాగితం మీద ఉంది, అది ఎవరూ చూడలేదు. ఐరన్ మాత్రలు వేడి చేస్తాయని ఆపించారు. కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. వేసుకున్న ఆ నాలుగు రోజులూ టీతో వేసుకున్నా, టీ తాగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదట! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం లేక, నిద్ర లేక, కడుపు నిండక ఉన్న మనిషి బిడ్డని చూసి మురిసిపోవడం లేదేంటని ఆశ్చర్యపోతారు.

గుడ్డు తింటే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ పోతుందని నేననడం లేదు. రెండు వారాలు దాటినా ఏడుపు, భయం తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, థైరాయిడ్ కూడా చూపించుకోండి, అది కాన్పు తర్వాత కొంతమందికి తేడా చేస్తుంది. ఇల్లు కదల్లేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం అక్కర్లేదు. కానీ మందు వాడుతున్నా సరే, ఆకలితో ఉన్న మనిషి ఏం తేరుకుంటుంది చెప్పండి.

అమ్మని తప్పుపట్టలేను, వాళ్లమ్మ ఆమెకి అంతకంటే తక్కువే పెట్టిందట. వచ్చే నెల చెల్లి కాన్పు. నిన్న ఫోన్‌లో అడిగా, "అమ్మా, ఈసారి దానికైనా పప్పు పెడతావా?" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెడతాలేవే. కందిపప్పు కాదు, పెసరపప్పు" అంది.