దుఃఖం పుస్తకానికి రిజిస్టర్‌లో పేరెందుకు?

మా చర్చిలో పుస్తకాలు అరువిచ్చే బీరువా ఒకటుంది. పై అర నిండా దుఃఖం, డిప్రెషన్, ఆందోళన గురించిన పుస్తకాలే. అవి తెప్పించినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. ఏడవడమే అవిశ్వాసం అని వింటూ పెరిగినదాన్ని, ఆ అర విలువ నాకు తెలుసు.

కానీ ఆ బీరువా గుమ్మం పక్కనే ఉంది, ఆరాధన అయ్యాక అందరూ నిలబడి మాట్లాడుకునే చోట. పుస్తకం కావాలంటే మన పేరు, పుస్తకం పేరు, తేదీ రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి. మన తర్వాత వచ్చినవాళ్లు అదే పేజీలో తమ పేరు రాస్తారు, మనది చదువుతారు.

తమ్ముడు పోయిన పద్నాలుగో నెలలో నేనూ ఒక పుస్తకం తీశాను. అక్కడ కూర్చునే అన్నయ్య మంచి మనిషి. అట్ట చూసి, "ఇంకా అదేనా సిస్టర్? తమ్ముడు ప్రభువు దగ్గర ఉన్నాడు కదా" అన్నారు. నా వెనక ఇద్దరున్నారు. పుస్తకం అరలో పెట్టేసి ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి అది నాకు నిజంగా కావాల్సి వచ్చింది.

బైబిల్లో, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాకే తప్పు మొదలైంది.

క్రైస్తవ విశ్వాసం గురించి ఎన్నో పుస్తకాలు రాసిన బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ సంగతి చూడండి. మనిషి పడే బాధకు అర్థమేమిటని 1940లోనే పుస్తకం రాసినవాడు. 1960లో భార్య జాయ్ చనిపోయింది. అప్పుడు నోటు పుస్తకాల్లో రాసుకున్న దుఃఖాన్ని 1961లో ఎన్.డబ్ల్యూ. క్లర్క్ అన్న మారుపేరుతో అచ్చువేయించాడు. సొంత పేరుతో అది వచ్చింది ఆయన పోయాకే. అంతటి విశ్వాసి రాయడానికే పేరు దాచుకున్నాడే, చదవడానికి మేం సంతకం పెట్టాలా?

పుస్తకాల ఎంపిక మీద కూడా ఒక మాట. దుఃఖానికి అయిదు మెట్లు, ఎక్కేస్తే అయిపోతుంది అని చెప్పేవి వద్దు. సైకియాట్రిస్టు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ అయిదు దశలు రాసింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు టైమ్‌టేబుల్‌గా కాదు. చివరి పేజీకల్లా సంతోషం తెప్పించేవి మాత్రమే కొనకండి. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా బైబిల్లోంచి దాన్నెవరూ తీసేయలేదు.

పుస్తకంతో తీరనివీ ఉంటాయి. ఏడాది దాటినా దాదాపు రోజూ అదే తపన, ఏ పనీ చేసుకోలేని స్థితి ఉంటే దాన్ని ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్‌గా అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్ 2022లో చేర్చింది. దానికి చికిత్స ఉంది. అందుకే ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల ఒక కౌన్సిలర్ నంబరు, ఒక డాక్టర్ నంబరు అంటించండి. ప్రార్థన చేయించుకుంటూనే డాక్టర్ దగ్గరికీ వెళ్లొచ్చని పాస్టర్ గారే ఒకసారి ప్రసంగంలో చెబితే ఎంత మేలో!

బీరువాను లోపలి గదిలోకి మార్చండి. ఆ ఒక్క అరకు రిజిస్టర్ తీసేయండి. కొన్ని పుస్తకాలు తిరిగి రావు, రాకపోనివ్వండి. ఎవరి దిండు కిందో ఉంటాయి.

పాస్టర్ గారికి ఇదంతా చెప్పాను, కమిటీలో పెడతానన్నారు. ఈలోపు నేను కొనుక్కున్నవి నాలుగున్నాయి. కావాలంటే మెసేజ్ పెట్టండి. ఎవరి కోసమని అడగను.